పగులు మీద గాజుపలక

జమ్మలమడుగు దగ్గరి వంక మీద కరువు పనిగా కడుతున్న ఆనకట్ట గోడకు అతికించిన గాజుపలక పోయిన రోజు అది. ఓవర్సీరు ప్రేమయ్య గట్టు రాళ్లకు సున్నం కొట్టిద్దామని పొద్దున్నే వచ్చాడు. మధ్యాహ్నం మద్రాసు నుంచి ఇంజనీరు వస్తున్నాడు. గోడలో నిలువుగా సన్నని పగులు కనిపించినప్పుడు దానికి అడ్డంగా గాజుపలక అతికించమన్నది ఆయనే. గోడ కదిలితే గాజు పగులుతుంది. గాజు పగిలితే పని ఆపి గోడను పునాది దాకా విప్పాలి. ఇప్పుడక్కడ గాజూ లేదు, ముక్కలూ లేవు.

"ఏమప్పా హనుమన్నా, కావలి ఉండేది నువ్వు. పలక యాడ పోయె?"

"నాకేం తెల్సు సామీ? ఆ మద్దమ్మ దినామూ వచ్చి తొంగి చూస్తాంటాది. ఆమెనే అడగండి."

మద్దమ్మ దిగువ పల్లెలో చీరలు నేస్తుంది. భర్త పోయాక ఆమెకు మిగిలింది గుంటమగ్గం ఒక్కటే. కట్ట తెగితే మొదట మునిగేది అదే.

ప్రేమయ్య అనుమానం మాత్రం మేస్త్రీ గిడ్డయ్య మీద. గాజు పగిలి ఉంటుంది, తన గోడకు చెడ్డపేరు వస్తుందని తీసేసి ఉంటాడు. గిడ్డయ్యకు ఓవర్సీరు మీద సరిగ్గా అదే అనుమానం. ఆ పూట ఇద్దరూ ఎన్నడూ లేనంత మర్యాదగా మాట్లాడుకున్నారు.

కూలీలు సద్దికి కూర్చున్న వేళ ప్రేమయ్య తన గుడారంలోని దేవుడి పటం నుంచి గాజు ఊడదీసి, పాత చోటే సున్నంతో అతికించి వెళ్లాడు. కాసేపటికి గిడ్డయ్య దాన్ని చూశాడు. 'రేపిది పగిలితే నా గోడదే తప్పంటాడు, పగలనిది నాదొకటి ఉండాల' అనుకుని, తన లాంతరులోని పలక తీసి కింద ఇంకొకటి అతికించాడు. హనుమన్న రెండింటినీ చూసి కంగారుపడ్డాడు. అసలు పలక తెల్లవారేసరికి రెండు ముక్కలై ఉంటే, కావలి కాయలేదంటారని ఇసుకలో పాతిపెట్టింది అతనే. గోడ కదిలి పగిలిందో, రాయి తగిలి పగిలిందో ఆలోచించే తీరిక అతనికి దొరకలేదు. తనొక్కడే పెట్టకపోతే అనుమానం తన మీదికే వస్తుందని, గడ్డం గీసుకునే అద్దం తెచ్చి ఆ రెండింటి కింద అంటించాడు.

అప్పుడే మద్దమ్మ వచ్చింది.

"ఇదేందప్పా, మూడు పెట్టినారు?"

"జాగర్తకు."

"ఒకటి చాలకపోతేనే గదా మూడు పెట్టేది?"

"అరవగాకు మద్దమ్మా, ఎవరన్నా వింటారు."

"అంటే వినగూడని మాట ఉండాదన్నమాట!"

ఆమె పల్లెకు పరుగెత్తింది. కాసేపటికే నేతగాళ్లంతా మగ్గాలు విప్పి, కర్రలూ నూలు కట్టలూ మోసుకుంటూ గట్టెక్కారు. సరిగ్గా ఆ వేళకే ఇంజనీరు కారు వచ్చింది. అంతమందిని చూసి ఆయన స్వాగతమనుకుని చేతులు జోడించాడు. చేతుల నిండా మగ్గం కర్రలున్నవాళ్లు ఎలా నమస్కరించాలో తెలియక తలలూపారు.

ఇంజనీరు పగులు దగ్గరికి వెళ్లాడు.

"ఒకటి పెట్టమంటే మూడు పెట్టారా? ఒక్కటీ పగల్లేదే! జాగ్రత్త అంటే ఇదీ!" కిందికి వంగి, హనుమన్న అద్దంలో మీసం కూడా సర్దుకున్నాడు.

మద్దమ్మ ముందుకొచ్చి ఒక పలక అంచున వేలు పెట్టి చూపించింది.

"సామీ, సున్నం ఇంకా పచ్చిగానే ఉండాది. ఇవి ఈ పొద్దు పెట్టినవి. నిన్నటిది యాడ పోయిందో అడగండి."

ప్రేమయ్య గిడ్డయ్యను చూశాడు. గిడ్డయ్య ప్రేమయ్యను చూశాడు. హనుమన్న మబ్బుల్లేని ఆకాశాన్ని చూశాడు. ఇంజనీరు ఆమె వేలి మీది సున్నాన్ని చాలాసేపు చూశాడు. ఈ వానలకే నీళ్లు నిలుపుతామని ఆయన పైవాళ్లకు మాటిచ్చి వచ్చాడు.

"చూశారా, ఎవరు పడితే వాళ్లు ముట్టుకుంటున్నారు! చుట్టూ ముళ్లకంచె వేయించండి. ఈమెను దగ్గరికి రానివ్వొద్దు. ఇంత జాగ్రత్తగా కాపాడిన కావలివాడికి జీతం పెంచండి."

సాయంత్రానికి కంచె పూర్తయింది. మద్దమ్మ దాని బయట నిలబడింది.

"హనుమన్నా, నిజం చెప్పు. గోడ గట్టిదేనా?"

"గాజులకేం కాలేదు మద్దమ్మా."

"గోడ సంగతి అడుగుతాండా."

"నన్ను పెట్టింది గాజుల కావలికి గదమ్మా."

మిగిలినవాళ్లు మగ్గాలు మోసుకుని దిగిపోయారు. మద్దమ్మ తన మగ్గాన్ని గుంటలోకి దించలేదు. వానలకు ముందే గోడ పని ముగిసింది. పగులు పెరుగుతోందో లేదో మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు.