మంత్రిగారు మెచ్చిన పాప

పిల్లల్లో ఆటిజాన్ని ఆలస్యంగా గుర్తించడాన్ని ప్రభుత్వం ఇకపై ఎంతమాత్రం సహించదని శిశు సంక్షేమ మంత్రిగారు ప్రకటించారు. పొద్దున ప్రకటించాల్సింది భోజనాలయ్యాక ప్రకటించారు గానీ, అంతటివారికి ఆ మాత్రం తీరిక దొరకడమే గొప్ప. ఆ ప్రకటన జనానికి వినిపించింది నా మైకులోంచే. ఆయన సభలన్నిటికీ మైకులు పెట్టేది నేనే కాబట్టి, ఆయన ప్రతిభని నా అంత గట్టిగా విన్నవాళ్ళు ఇంకొకరు లేరు.

ఆ రోజు ఆయన ప్రారంభించింది ఆటిజం గుర్తింపు కేంద్రం. మా చెల్లెలు తన కూతుర్ని అక్కడి డాక్టరుకి చూపిద్దామని వచ్చింది. మేం పిచ్చుక అని పిలిచే ఆ పిల్లకి నాలుగేళ్ళు. పిలిస్తే పలకదు, మొహంలోకి చూడదు. చెప్పులన్నీ వరసగా పేరుస్తుంది, ఎవరైనా ఒకటి కదిపితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. పిల్లకి ఏదో ఇబ్బంది ఉందని చెల్లెలు ఎప్పట్నించో మొత్తుకుంటూనే ఉంది. వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడని అత్తగారు కొట్టిపారేశారు. నోట్లో నాలుక లేని ఆడపిల్ల దొరకడం అదృష్టమని పక్కింటివాళ్ళు అభినందించారు. వీధి చివరి డాక్టరుగారు ఇంకో ఆర్నెల్లు చూద్దామన్నారు, ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

మంత్రిగారి పీఏకి ఆ రోజు ఒకటే బెంగ. ముందు వరసలో పిల్లలుండాలి, కానీ కుదురుగా ఉండాలి. తెచ్చిన పిల్లలేమో కుర్చీలెక్కి గంతులేస్తున్నారు, ఒకడు నా వైరు కూడా పీకాడు. ఇంతలో పీఏగారి కళ్ళు ఓ మూల టేబుల్ ఫ్యాన్ తిరగడాన్నే రెప్పవేయకుండా చూస్తున్న పిచ్చుక మీద పడ్డాయి. వెంటనే పిల్లనీ ఫ్యాన్‌నీ తెచ్చి ముందు వరస మధ్యలో ప్రతిష్ఠించారు.

పిలిస్తే పలకని పిల్లల్ని, కళ్ళలోకి చూడని పిల్లల్ని క్షణాల్లో కనిపెట్టాలని మంత్రిగారు బల్ల గుద్ది మరీ చెప్పారు. పిచ్చుక ఫ్యాన్‌ని చూస్తూనే ఉంది. ఆయన ముచ్చటపడి వేదిక దిగొచ్చి, పేరేమిటని అడిగారు. అది పలకలేదు. గడ్డం పట్టుకుని మళ్ళీ అడిగారు. అది మొహం తిప్పేసుకుంది.

"చూశారా? మంత్రి ఎదురుగా నిలబడినా చలించలేదు. క్రమశిక్షణంటే ఇదీ," అన్నారాయన.

అక్కడికక్కడే ఆదర్శ బాలిక బహుమతి ఇచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. పిచ్చుక గట్టిగా చెవులు మూసుకుంది. పొగడ్తలంటే కూడా గిట్టదని మంత్రిగారు నా మైకులోనే వివరించారు. చెల్లెలు ఏదో చెప్పబోయింది గానీ, ఆనందంతో మాట రావడం లేదనుకుని పీఏ ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టారు.

మర్నాడు కేంద్రంలో డాక్టరు పిచ్చుకని శ్రద్ధగా పరీక్షించాడు. పేరు పెట్టి పిలిచాడు, బొమ్మలిచ్చి చూశాడు, తల పంకించి పెన్ను తీశాడు. అంతలో గోడ మీద అప్పుడే అంటించిన పోస్టరు కంటపడింది. అందులో మంత్రిగారూ, పిచ్చుకా, కింద 'పిల్లలంటే ఇలా ఉండాలి' అన్న అక్షరాలూ ఉన్నాయి. డాక్టరు పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

"నాకు తెలుస్తూనే ఉందమ్మా. కానీ రాశానంటే మంత్రిగారు పొరబడ్డారని రాసినట్టే," అన్నాడు.

ఆటిజం ఉందని డాక్టరు రాసిచ్చే కాగితం లేనిదే కేంద్రంలో మాట నేర్పే టీచరు పిల్లని చేర్చుకోదు. చెల్లెలు ఏడ్చింది. మంత్రిగారి దగ్గర నాకున్న చనువు ఇలాంటప్పుడు కాకపోతే ఇంకెప్పుడు పనికొస్తుందని ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను.

ఆయనది నిజంగా వెన్నలాంటి మనసు. అంతా విని చలించిపోయారు. పిచ్చుకకి బిస్కెట్లు తెప్పించారు, డాక్టరుకి ఫోన్ చేసి చివాట్లు పెట్టారు. పోస్టర్లన్నీ చింపేయమన్నారు.

"మన కేంద్రం గుర్తించిన మొట్టమొదటి పాప ఈ పాపే కావాలి. ఆ కాగితం నా చేతుల మీదుగానే ఇస్తాను. పెద్ద సభ పెడదాం. మైకు నీదేనోయ్," అన్నారు.

చెల్లెలు రెండు చేతులూ జోడించింది. పీఏ డైరీ చాలాసేపు తిరగేసి, ఎన్నికల ముందు నెలలో ఒక సాయంత్రం ఖాళీ ఉందన్నారు. ఎన్నికలు వచ్చే ఏడాది.

"అప్పటికి దీనికి అయిదు నిండిపోతాయండీ. ఈలోగా టీచరు దగ్గరైనా చేర్పిస్తాను, మీరొక మాట చెప్పండి," అని చెల్లెలు బతిమాలింది.

మంత్రిగారు పిచ్చుక తల ఆప్యాయంగా నిమిరారు.

"తొందరపడకమ్మా. టీచరు దగ్గర చేరి ఈలోగా మాట్లాడేసిందనుకో, సభ ఏం కావాలి? ఆ రోజుదాకా పాపని ఇలాగే ఉంచు."