మిరపదేశ ప్రధాని

దేశ భద్రతకు ఇకపై సత్తెనపల్లి దగ్గరి పీజీ సెంటరే దిక్కని ఉన్నత విద్యామంత్రి వెంకటనారాయణ గారు గేటు దగ్గర కారు దిగుతూనే ప్రకటించారు. ఢిల్లీకి ఈ సంగతి ఇంకా తెలియదు.

ఆ సెంటర్లో రాజనీతిశాస్త్రం, భద్రతా అధ్యయనాల శాఖ అంటే సిద్దికా మేడమ్ ఒక్కతే. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద, పద్నాలుగు మంది విద్యార్థులతో ఈదుకొస్తోంది. ఇంత తక్కువ మందికి శాఖ ఎందుకు, ఎత్తేద్దామని ఫైలు కదిలింది. మంత్రిగారు సంతకం పెట్టి నిలబెడితే సరే, లేదంటే సోమవారం నుంచి ఆమెకు ఉద్యోగం లేదు. అందుకే ఆయన్ని ప్రాక్టికల్స్‌కి పిలిచింది.

ప్రాక్టికల్ అంటే ఉత్తుత్తి యుద్ధం. క్లాసును రెండు దేశాలు చేసింది. మిరపదేశానికి ఎర్ర కండువాలు, పత్తిదేశానికి తెల్ల కండువాలు, మధ్యలో ఒక బెంచీ సరిహద్దు. మంత్రిగారు మిరపదేశ ప్రధాని.

"సార్, శత్రువులు మన చెక్‌పోస్టు ఆక్రమించారు. ఏం చేద్దాం?" అంది సైన్యాధిపతి శ్రీదివ్య.

"ఖండిద్దాం."

"ఖండించాం సార్. రెండోది కూడా పోయింది."

"అయితే తీవ్రంగా ఖండిద్దాం."

ఇంతటి నిబ్బరం పాఠ్యపుస్తకాల్లో దొరకదు. సిద్దికా రాసుకుంది.

ఇంతలో పత్తిదేశం రాయబారి కోటేష్ చర్చలకని బెంచీ దాటి వచ్చాడు. ఉక్కపోతకు చెమట తుడుచుకుందామని మెడలోని తెల్ల కండువా తీసి రెండు చేతులా విప్పాడు, అంతే. మంత్రిగారి మెడ దానంతటదే వంగింది. ఐదు పార్టీలు చూసిన మెడ అది, ఎదురుగా విప్పిన కండువా కనబడితే ఆగదు. కోటేష్ బిత్తరపోయాడు. పెద్దాయన వంగాక కప్పకపోతే బాగుండదని కప్పేశాడు.

పీఏ మీరావలి చప్పట్లు కొట్టాడు. వెంట వచ్చిన నలభై మంది కార్యకర్తలు "జై పత్తిదేశం!" అని అరుస్తూ బెంచీ దాటేశారు.

"సార్, మీరు మా ప్రధాని!" అంది శ్రీదివ్య ఏడుపుగొంతుతో.

"మిరపదేశం నా గుండెల్లోనే ఉంటదమ్మా. నియోజకవర్గ అభివృద్ధి కోసమే వెళ్తన్నా."

యుద్ధం ముగిసింది. ఒక్క ప్రాణం పోలేదు, దేశం మాత్రం పోయింది.

సిద్దికాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతమందిలో మంత్రిని నవ్వులపాలు చేశాక సంతకం ఎక్కడిది, ఉద్యోగం ఊడినట్టే అనుకుంది. తీరా చూస్తే ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఏమ్మా, ముప్పై ఏళ్లుగా నేను చేస్తోంది ఒక సబ్జెక్టని నాకెవరూ చెప్పలేదే! దీనికి డిగ్రీ కూడా ఇస్తారా?"

"ఇస్తామండి. శాఖ ఉంటే."

"ఉండక ఎక్కడికి పోద్ది?" అంటూ ఆయన ఫైలు లాక్కుని, నాలుగు వాక్యాలు గబగబా రాసి, సంతకం గీకేశారు. సిద్దికాకు కళ్లనీళ్లు తిరిగాయి. మనిషి మీద ఇన్నాళ్లూ అపోహ పడ్డానే అని నొచ్చుకుంది కూడా.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. శాఖ కొనసాగుతుంది. విశేష అనుభవం దృష్ట్యా, అందులో ఉన్న ఒక్క పోస్టులో ఆచార్యులుగా వెంకటనారాయణ గారే ఉంటారు.

ఆమె మీరావలికి ఫోన్ చేసింది. "మరి నేనండీ?"

"అయ్యో, మిమ్మల్ని సార్ మర్చిపోతారా మేడమ్!" అన్నాడతను. "ఆయనకి తీరికెక్కడ? పాఠాలు ఎప్పట్లాగే మీరే చెప్పండి. జీతాల రిజిస్టర్లో సార్ పేరుంటది, అంతే తేడా."