ఏడో పేరు

మద్రాసు చెన్నైగా మారిన ఏడాదే, నగరానికి ఉత్తరాన ఉన్న బొగ్గు యార్డు పల్లెటూరుగా మారింది. రెండు చోట్లా బోర్డు రాయడంతోనే సగం పని అయిపోయింది.

మిగతా సగం సిమెంటు. సిమెంటు ఎడ్లబండి, సిమెంటు బావి, బావి గట్టున బిందె ఎత్తుకున్న సిమెంటు ఆడమనిషి. బొగ్గు మొయ్యడానికి పల్లెలు వదిలి వచ్చినవాళ్ల గుడిసెలు పీకేసి, అదే జాగాలో వాళ్ల పల్లెను కట్టి చూపించిన దయ చరిత్రలో మరెక్కడా లేదు. పార్కని పేరు పెట్టి, ప్రవేశానికి టిక్కెట్టు పెట్టారు. యార్డులో ఒక్క బొగ్గు పలుకు కూడా మిగల్చలేదు. అయితే ఇక్కడ బొగ్గు ఉండేదని జనానికి తెలియాలి కదా. అందుకని నల్లరంగు పూసిన గుట్ట ఒకటి కట్టి, ‘ముట్టరాదు’ అని రాశారు.

గుట్ట పక్కన శిల. యార్డులో పనిచేస్తూ చనిపోయినవాళ్ల పేర్లు దానిమీద చెక్కిస్తామని పార్కు కమిటీ ప్రకటించింది. ఆ మాట విని దేవరాజులు ఉతికిన పంచె కట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఇరవై ఆరేళ్లు అతడు గంప మోశాడు. భార్య మునియక్క పారతో గంప నింపింది. నాలుగేళ్ల కిందట, పార చేతిలో ఉండగానే దగ్గీ దగ్గీ యార్డులో పడిపోయింది. ఆమెకు ఫోటో లేదు. కాపురమున్న గుడిసె ఇప్పుడు లేదు. శిల మీద పేరొక్కటి ఉంటే చాలనుకున్నాడు.

కమిటీ కార్యదర్శి వరదరాజులు పాత హాజరు పుస్తకం తిరగేశాడు.

“ఈడ మునియక్క అనే పేరే లేదప్పా.”

“ఉండదు సామీ. ఆలుమగలు జతగా పనికొస్తే మొగోడి పేరొకటే రాసేవోళ్లు. దేవరాజులు, జోడి అని ఉంటాది చూడండి.”

“ఉంది. జోడిలో ఒకరు మృతి అని కూడా ఉంది.”

“అదే సామీ, నా పెండ్లాము.”

“ఎవురని రాయలేదే. సరే, నేను చూసుకుంటా. నువ్వు పో.”

ఆయన చూసుకున్నాడు. పుస్తకంలో లేని అక్షరం ఒక్కటి కూడా రాయడని ఆయనకు పేరు.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. “కార్మికుడి చెమట ఈ మట్టిలో ఇంకి ఉంది! ఆ చెమట వాసన మీకు తగలకుండా మల్లెతోట వేయించాము!” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. తెర తీశారు. బంగారురంగులో పదకొండు పేర్లు. ఏడో పేరు దేవరాజులు.

దేవరాజులు జనాన్ని తోసుకుంటూ వెళ్లి వరదరాజులు చెయ్యి పట్టుకున్నాడు.

“సామీ, నేను ఈడనే బతికుండా గదా!”

“మెల్లగా మాట్లాడప్పా. ఆయమ్మ పేరు చెక్కిస్తే రేపు ఆడిట్టువాళ్లు ఎవురీమె అని అడుగుతారు. నీ గురించి ఎవురు అడుగుతారు?”

“మరి మునియక్క?”

“నీ పేరులోనే ఉందిలే. బతికినప్పుడూ అంతే గదా.”

దేవరాజులు చెయ్యి వదిలేశాడు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం టిక్కెట్టు కొనుక్కుని వస్తాడు. చచ్చినవాడికి రాయితీ లేదు. తన పేరుకు తానే పసుపు రాసి కుంకుమ పెడతాడు. మొగవాడి పేరుకు కుంకుమేమిటని కాపలావాడు నవ్వుతాడు. శిల మురికవుతోందని సందర్శకులు ఉత్తరాలు రాశారు. అర్జీలను పన్నెండేళ్లు నానబెట్టే ఊళ్లో కమిటీ వారంలోనే స్పందించింది. శనివారం శనివారం శిలను కడిగిస్తోంది.

కాబట్టి మీరు పిల్లాపాపలతో, తెల్లబట్టలతో నిర్భయంగా వెళ్లవచ్చు. ఆ బొగ్గు గుట్టకు ఆనుకుని ఫోటో దిగినా మసి అంటదు. ఏడో పేరుకు మాత్రం కాస్త దూరంగా నిలబడండి. లేదా, శనివారం దాటాక వెళ్లండి.