మా ఏసీని ఎందుకు కడిగించలేదంటే

ఏసీ కారడం అదృష్టమండీ! నవ్వకండి. రెండు నెలలుగా మా పడగ్గదిలో కారుతోంది. అనుభవంతో చెబుతున్నాను.

కింద బకెట్ పెట్టాను. గంటకోసారి నిండుతుంది. దాన్ని మోసుకెళ్ళి బాత్రూంలో పారబోసి రావడం కన్నా మంచి వ్యాయామం ఏ జిమ్‌లో దొరుకుతుంది? జిమ్ ట్రైనర్‌కి ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకోవచ్చు. బకెట్‌కి ఏం చెబుతారు?

ఇక ఫిల్టర్. దాని మీద వేలెడు మందాన దుమ్ము. కడిగెయ్యమంటారు. ఇన్నేళ్ళుగా మనల్నే నమ్ముకుని ఉన్న దుమ్మును ఉన్నపళంగా వెళ్ళగొడితే అది ఎక్కడికి పోతుంది, పాపం? లోపల కాయిల్‌కి కూడా మట్టి పట్టి చల్లగాలి రావడం మానేసింది. చలి లేదు కనుక దుప్పట్లు అక్కర్లేదు. దుప్పట్లు లేవు కనుక ఉతుకూ లేదు!

వాసన సంగతి చెప్పనే లేదు కదూ? తడిసిన గోనెసంచి వాసన. వారం ఉంటానని వచ్చిన మా బావమరిది రెండో రోజే సూట్‌కేసు సర్దుకున్నాడు!

ఇన్ని లాభాలుండగా మా ఆవిడకు మాత్రం దగ్గు పట్టుకుంది. "మెకానిక్‌ని పిలవండి బాబూ, ఈ గదిలో ఊపిరాడట్లేదు" అని మొదటి వారం బతిమాలింది. రెండో వారం పోట్లాడింది. మూడో వారం దిండు చంకన పెట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. ఇంత మంచం నా ఒక్కడికేనని ముందు సంబరపడ్డాను. గోడ అవతల నుంచి ఆ దగ్గు వినబడుతుంటే ఆ సంబరం కాస్తా చప్పబడింది.

మరి మెకానిక్‌ని ఎందుకు పిలవలేదు? తీరిక లేదని చెప్పాను.

చివరికి నిన్న ఆవిడే పిలిపించింది. అతను ఫిల్టర్ కడిగాడు. కాయిల్ మీద నీళ్ళు కొడితే నల్లటి బురద కారింది. అయినా నీళ్ళు బయటికి పోవడం లేదు. బాల్కనీలోకి వెళ్ళి, డ్రైన్ పైపు చివర తీగ దూర్చి లాగాడు. గుడ్డ ఉండ ఒకటి ఊడి వచ్చింది.

"ఎంత గట్టిగా కుక్కారు సార్!" అన్నాడు మెచ్చుకోలుగా.

మా ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో విప్పి చూసింది. "ఇది మీ బనియన్ కదూ?"

నాదే. రెండు నెలల క్రితం కింది ఇంటి పెద్దాయన మెట్ల దగ్గర ఆపి, "మీ ఏసీ నీళ్ళు మా బట్టల మీద పడుతున్నాయి నాయనా" అన్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నీళ్ళే కదండీ, ఆరిపోతాయి" అనేశాను. ఆ తర్వాత సిగ్గేసింది. పొరపాటైందని చెప్పడానికి మనసొప్పక, పైపులో బనియన్ కుక్కేశాను. కిందికి పోవాల్సిన నీళ్ళు మా ఇంట్లోకి తిరిగాయి.

మెకానిక్ రెండు మూరల గొట్టం తగిలించి పైపును పక్కకు మళ్ళించాడు. అయిదు నిమిషాల పని! నేను కిందికి వెళ్ళి పెద్దాయనకు క్షమాపణ చెప్పుకున్నాను. "ఆ ముక్క అప్పుడే అనుంటే పోయేదిగా" అన్నారాయన.

ఇప్పుడు గది చల్లగా, పొడిగా ఉంది. బకెట్ బాత్రూంకి చేరింది. దిండు మాత్రం ఇంకా హాల్లోనే ఉంది. కింద అన్న మాట పైన అనడానికి నాకు నోరు రావడం లేదు. పేపర్ రాగానే మా ఆవిడ ముందు చదివేది ఈ శీర్షికే కనుక, ఇదంతా ఇక్కడ రాశాను.