విల్కాకోచా మార్గనిర్ణయ మహాసంగ్రామము

హిమకిరీటధారులైన శిఖరరాజములు వరుసదీరి కొలువుండగా, వాటి పాదపీఠమున సాంతా నది గలగలలాడుచుండగా, జూన్ మాసపు మేఘరహిత నీలాంబరము క్రింద, టీ చల్లారిపోవుచున్న ఒకానొక శుభముహూర్తమున, పెరూ దేశపు వారాస్ పట్టణమందు, ఒక బసయింటి భోజనాల బల్లపై యుద్ధభూమి పరువబడెను. అనగా, కొండదారుల పటము పరువబడెను. నాలుగు టీ కప్పులు దిక్పాలకులై దాని మూలలను కాచుచుండెను.

ఆ పటము ముందు, వ్రేలు ఎక్కడ మోపవలెనో తెలియక కూర్చున్న వీరనారి పేరు ఎల్విరా. లీమా మహానగరమున ఒక బడిలో గుమాస్తా. ఇంట నడిమిబిడ్డ. అన్నకును చెల్లెలికిని నడుమ గోడగా నిలబడి, ఇరువైపుల నుండియు రాళ్లదెబ్బలు తిన్న ధీరురాలు. తల్లి హెర్మెలిందా తన డెబ్బయ్యవ పుట్టినరోజునకు కోరిన వరమొక్కటే.

"మీరు ముగ్గురూ నాతో ఒకే దారిలో నడవాలి. కుదరదంటారా, బస్సెక్కి ఇంటికి పోతాను. మళ్లీ అడగను."

తండ్రి పోయిన తరువాత ఆ ముగ్గురు ఒక బల్ల వద్ద చేరుట ఇదే మొదలు. తల్లి ఊరక బెదిరించు మనిషి కాదు. కావున "మళ్లీ అడగను" అను మాట ఎల్విరా గుండెలో ముల్లై దిగియుండెను.

అంతట వ్యాయామశాలావర్ధిత భుజదండుడు, నిన్ననే కొన్న బూట్లతో విరాజిల్లు అగ్రజుడు రామిరో లేచి, సాంతా క్రూస్ కనుమపై పిడికిలి మోది సింహగర్జన చేసెను.

"దారంటే ఇదీ! రాత్రుళ్లు గుడారాలు! కనుమ ఎక్కి నిలబడితే మేఘాలు మన కాళ్ల కింద! ఇది వదిలేసి ఇంకోటి ఎంచారంటే మన తాతలు సమాధుల్లోంచి లేచొచ్చి ఉమ్మేస్తారు!"

"ఏ తాత? చేపల మార్కెట్ దాటి ఎప్పుడన్నా వెళ్లాడా ఆయన?" అని చెల్లెలు గ్లాదిస్, ఫోనుపై నుండి చూపు మరల్చకయే శరము సంధించెను. "యాంగనూకో సరస్సు దాకా కారు వెళ్తుంది. దిగుతాం, ఫొటో తీసుకుంటాం, ఎక్కుతాం. మరుగుదొడ్డి కూడా ఉందట."

"అది నడక కాదే, పార్కింగ్!"

మార్గదర్శిని దొనాతిలా, ఇట్టి యుద్ధములు ప్రతివారము చూచినది కావున, మూల కూర్చుండి ఉడికిన గుడ్డు ఒలుచుకొనుచుండెను. అందరికిని సరిపడు దారి ఏదని ఎల్విరా దీనముగా అడుగగా, "మీరేదంటే అదే సెన్యోరా. నాకన్నీ ఒకటే. మీరు తేల్చేలోపు ఇంకో గుడ్డు తిననా?" అనెను.

ఎల్విరా పటము అంచుననున్న ఒక నీలిచుక్కను వ్రేలితో తాకెను. "విల్కాకోచా... ఊళ్ల మధ్య నుంచి మట్టిదారి. మెల్లగా ఎక్కొచ్చు."

"అది సరస్సా? టీ మరకనుకున్నా!" అని అన్న.

"మళ్లీ ఎక్కడమేనా?" అని చెల్లెలు.

ఆ ఇరువురు ఏకాభిప్రాయమునకు వచ్చిన ఏకైక ఘడియ అదియే. ఆ ఉత్సాహమున రామిరో, తన ఊపిరితిత్తుల ప్రతాపమును చూపుటకై, మేడమెట్లపై పరుగు లంకించుకొనెను. పోవునప్పుడు ఐరావతమువలె పోయెను. లీమా సముద్రపుటొడ్డున పెంచిన కండలకు వారాస్ పలుచని గాలి చాలలేదు కాబోలు, దిగివచ్చునప్పటికి మోము పిండిముద్దవలె తెల్లబారగా, సోఫాపై ఒరిగి, "తల... బకెట్..." అను రెండు పదములతో తన వీరోపన్యాసమును ముగించెను.

గ్లాదిస్ ఫోను ఎత్తెను. "వీడియో తీస్తున్నా అన్నయ్యా, చెప్పు! మేఘాలు కాళ్ల కిందికొచ్చాయా?"

"నవ్వుకోండి," అని రామిరో కన్నులు మూసికొనెను. "రాత్రి బస్సుకి నేను పోతున్నా."

అప్పుడు బల్ల చివర కూర్చున్న తల్లి చేతిసంచి కొరకు చేయి చాచెను. దానిని చూచినది ఎల్విరా ఒక్కతెయే.

ఆమె లేచెను. చెల్లెలి ఫోనును లాగి రొట్టెలబుట్టలో పడవైచెను. అన్న చేతిలో కొండజబ్బుకు మందగు కోకా ఆకుల టీ పెట్టెను. పిదప, ఇన్నేండ్లుగా మ్రింగుచు వచ్చినదంతయు ఒక్క పెట్టున వెలువరించెను.

"చాలు! ఇద్దరూ నోరు మూయండి!"

దొనాతిలా చేతి గుడ్డు జారిపడెను.

"అమ్మా, నీకేం కావాలో మేమెవరం అడగలేదు. చెప్పు."

హెర్మెలిందా సంచి వైపు చాచిన చేయి వెనుకకు తీసికొనెను. "మంచుకొండలు కారు అద్దంలోంచి కాకుండా చూడాలనుందే. దారిలో నేను కూర్చుంటే 'ఇంకొంచెమే, ఇంకొంచెమే' అని ఎవరూ తొందరపెట్టకూడదు. అంతే."

"అయితే విల్కాకోచా. అన్నయ్య తలనొప్పి తగ్గాక వెళ్దాం. అమ్మ నడకే అందరి నడక. కాదనేవాళ్లు ఇప్పుడే చెప్పండి."

సోఫా నుండి "ఆ బకెట్ ఇటు జరపవే" అను క్షీణస్వరము వినవచ్చెను. సభ దానిని సమ్మతిగా స్వీకరించెను.

కొండగాలికి అలవాటుపడిన పిదప ఆ చతురంగబలము కదలెను. ప్రతి రాతిగోడపైనను తల్లి ఆసీనురాలు కాగా, మరుగుదొడ్డి లేక ప్రతి యూకలిప్టస్ చెట్టు వెనుకకును గ్లాదిస్ పరుగెత్తగా, ఎల్విరా తన పోంచో కంబళిని తెరగా పట్టి నిలువగా, కొత్తబూట్లు మడమలను కొరుకగా కుంటుచున్న రామిరోను గొఱ్ఱెలు తోలుకొనుచు నూలు వడకు ఒక అవ్వ అవలీలగా దాటిపోగా, సేన పురోగమించెను. కడపటి ఎత్తున తల్లి మోకాళ్లు మొరాయించెను. ఎవరును చెప్పకయే రామిరో భుజమందించెను. ఎవరును అడుగకయే గ్లాదిస్ ఆమె సంచి తీసికొనెను. వెనుక నడచుచున్న ఎల్విరా, ఆ మూడు టోపీలు ప్రక్కప్రక్కన ఊగుట చూచి, ఊపిరాడక కాబోలు, కొంతసేపు నిలబడిపోయెను.

ఎట్టకేలకు సరస్సు. రెల్లు, కొన్ని బాతులు.

"ఇంతేనా?" అని రామిరో.

"ఇంతే," అని తల్లి సంతృప్తిగా, సరస్సునకు వీపు పెట్టి, లోయకావల దిగంతమంత మెరయుచున్న శ్వేతశిఖరముల వైపు తిరిగి, మొక్కజొన్నపొత్తు మొత్తము కొరికి తినెను. పిదప, "మీ నాన్నయితే సగం దారిలోనే బీరు దొరికేచోట ఆగిపోయేవాడు," అనెను. ముగ్గురును ఒక్కసారిగా నవ్విరి.

అంతలో రామిరో దిగుటకు రెండు దారులుండుట కనిపెట్టెను. "ఎడమది నిటారుగా ఉంది, అదే సరైనది!" "ఆ బూట్లతోనా? కుడిదే!" అని చెల్లెలు. రణభేరి మరల మ్రోగెను. ఇరువురును ఆచారము చొప్పున ఎల్విరా వంక తిరిగిరి.

ఓ జనులారా, శ్రద్ధగా వినుడు! పర్వతములు ఆమెకు లొంగలేదు. సరస్సు ఆమెను గుర్తింపనైన లేదు. కాని ఆ మధ్యాహ్నమున, ఆ వంశచరిత్రమున తొట్టతొలిసారి, నడిమిబిడ్డయగు ఎల్విరా "నాకేం తెలుసు, మీరే తేల్చుకోండి" అని పలికి, గడ్డిపై వెల్లకిల పడుకొని, ముఖముపై టోపీ కప్పుకొని, హాయిగా ఒక కునుకు తీసెను!