ఫోటో దిగని మందు

మెదడులో కంతిని వెలుగుతో కరిగించే కొత్త మందు వచ్చిందనీ, దాన్ని ముందుగా డ్రాయింగు మాస్టారికే ఇస్తామనీ పెద్దాసుపత్రి సగర్వంగా ప్రకటించింది. ఆ గౌరవానికి మాస్టారు అన్ని విధాలా అర్హులు. కంతి దయవల్ల ఆయనకు ఎడమపక్క ప్రపంచం కనపడడం మానేసింది. భార్య బొమ్మ గీస్తే ఒక కన్నూ, ఒక చెవీ మాత్రమే వచ్చాయి. "ఇన్నేళ్ళ కాపురానికి సగమే మిగిలానన్నమాట!" అని ఆవిడ నవ్వి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

మందు సంగతి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "కంటికి ఆనని పాలిమర్ నలుసుల్లో మందు నింపుతాం మాస్టారూ. అవి రక్తంలో కంతిదాకా వెళ్ళి పడుకుంటాయి. అక్కడ సన్నటి తీగతో వెలుగు చూపిస్తే మందు లేచి కంతి పని పడుతుంది. ఈలోగా వెలుతురు తగిలిందా, అంతా వృథా."

అందుకే సీసా నల్లసంచిలో వచ్చింది. నల్లసంచి ఫోటోలో బాగుండదని సూపరింటెండెంటుగారు ఇట్టే గ్రహించారు. మంత్రిగారు సీసాను బయటికి తీసి, ఫ్లాషుల ముందు ఎత్తిపట్టి ప్రసంగించారు. "ఇన్నాళ్ళూ చీకట్లో మగ్గిన ఈ మందును వెలుగులోకి తెచ్చిన ఘనత మాదే!" అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే మర్యాద కాదని మంచం మీది మాస్టారు కూడా కొట్టారు. మందు అక్కడికక్కడే మేల్కొని, చంపడానికి ఏ కంతీ దొరక్క తానే చచ్చింది.

విచారణ సంఘం కూర్చుని, తప్పు ఫ్లాషుదేనని తేల్చి, దాన్ని నిషేధించింది. ఫ్లాషు లేకపోతే పెద్దల మొహాలు మసగ్గా పడతాయి కనుక రెండో సీసాకు సినిమా లైట్లు తెప్పించారు.

"మీ కాళ్ళు పట్టుకుంటానయ్యా, ఫోటోలు తర్వాత తీసుకోండి" అంది మాస్టారి భార్య.

"తర్వాతంటే ఆయన ఎలా ఉంటారో చెప్పలేం కదమ్మా" అన్నారు సూపరింటెండెంటుగారు, ఎంతో దయగా.

రెండో సీసా ఆ లైట్ల కింద చచ్చింది. మాస్టారికి కేటాయించిన మూడింటిలో మిగిలింది ఒకే సీసా. ఆయనకు భయమేసింది. మూడో సభలో మంత్రిగారు సంచి మూతి విప్పబోతుండగా కరెంటు పోయింది. జనరేటరుకు ఇంకా ప్రారంభోత్సవం కాలేదు కనుక దాన్ని వాడకూడదు. ఉక్కపోతకు పౌడర్లు కారాయి. ఫోటోలు రాని చోట పనేముందని పెద్దలంతా వెళ్ళిపోయారు. డాక్టరమ్మకు ఇక వైద్యం చేయడం తప్ప గత్యంతరం లేకపోయింది. వెలుగు చూపించే పెట్టె బ్యాటరీతో నడిచింది. దాన్ని ఎవరూ ప్రారంభించి ఉండకపోవడం రోగి అదృష్టం.

కంతి కరిగింది. మాస్టారు భార్యకు రెండో కన్నూ, రెండో చెవీ గీసిచ్చారు. ఆవిడ ఈసారి ఎదుటే ఏడ్చింది.

చిక్కల్లా ఒకటే. ఆ వైద్యానికి ఫోటో లేదు. ఫోటో లేని వైద్యం జరగనట్టేననీ, మాస్టారికి నయమవడం నిబంధనలకు విరుద్ధమనీ ఆసుపత్రి తేల్చింది. "ఫోటో లేకపోతే ఎవరు నమ్ముతారండీ? మా అన్నయ్యే నమ్మడం లేదు" అని భార్య కూడా పోరింది. మాస్టారు మళ్ళీ మంచమెక్కి తలకు కట్టు కట్టించుకున్నారు. చేతిలో ఖాళీ సీసా వెలితిగా ఉందని, పక్క గది రోగికి మందుతో వచ్చిన నల్లసంచి తెచ్చి ఆయన చేతికిచ్చారు.

మాస్టారు సంచి వంక ఒక్క క్షణం చూశారు. తలుపు దగ్గర ఆ రోగి భార్య చేతులు జోడించి నిలబడి ఉంది. ఆవిడ సరిగ్గా ఆయనకు ఎడమపక్కనే ఉంది. ఇప్పుడు బాగానే కనపడింది.

"కాస్త నవ్వండి మాస్టారూ!"

ఆయన సీసాను బయటికి తీసి ఎత్తిపట్టారు. ఫోటో చాలా బాగా వచ్చింది. మీరూ చూసే ఉంటారు, లైకూ కొట్టే ఉంటారు.