ఊడని పన్ను

ఆ గురువారం పొద్దున పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇడ్లీలు తిని, సామాను టెంపోకెక్కించి, భానుచందర్ కాశిబుగ్గ నుంచి మడికొండలోని కొత్త ఫ్లాటుకు మారిపోవాలి. మడికొండ ఏ సముద్రాల అవతలో లేదు, సిటీ బస్సు పోతుంది. కానీ వాళ్ళమ్మ సమ్మమ్మకు వాకిట్లో కొడుకు చెప్పుల జత కనబడకపోయినా గుండె దడే.

అంతలో కూతురు రమ ఒళ్ళోని పసిపాప నవ్వింది. పై చిగుట్లో తెల్లగా ఏదో మెరిసింది. కొడుకును ఆపే సాకు దొరికి సమ్మమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఓ రమా! పైపన్ను ముందుగాలచ్చింది! మేనమామకు గండం! భానూ, శనివారం నూనెల మొఖం చూసుకునేదాక గడప దాటకు బిడ్డా!"

"టెంపో వచ్చినంక పన్ను యాదికొచ్చిందానె అమ్మా?" అన్నాడు భానుచందర్.

గల్లీ మొదట్లో దంతవైద్య విద్యార్థులు షామియానా వేసుకుని కూర్చున్నారు. ఊళ్ళో పళ్ళు తేడాగా పుట్టినవాళ్ళు ఎందరో తేల్చడం వాళ్ళ పని. సాక్ష్యం కోసం సమ్మమ్మ పాపను అక్కడికి ఎత్తుకుపోయింది.

"ఏం ఫికర్ లేదు అమ్మమ్మా," అంది స్రవంతి అనే విద్యార్థిని. "శాన మామూలు. ఈ గల్లీలనే ఇట్లాంటి పిల్లలు ఇంక ముగ్గురున్నరు."

అంటే ఇంకో ముగ్గురు మేనమామలు చావుకు దగ్గరగా తిరుగుతున్నారు! సమ్మమ్మ ఇంటింటికీ ఆగి ఆ సంగతి చాటుకుంటూ వచ్చింది.

మొదటి మేనమామ టెంపో డ్రైవర్ పవనే. "మా అక్క బిడ్డది గూడ పైపన్నే. నేను బండి తియ్య," అంటూ తాళంచెవి జేబులో వేసుకుని ఆమె అరుగు మీద కూలబడ్డాడు. మిగతా ఇద్దరు పరుగున వచ్చారు.

"గడప దాటొద్దంటివట. మేం దాటొచ్చినం గదా, ఎట్ల మరి?"

"అయితే మళ్ల దాటకుండ్రి! శనివారం దాక ఈడనే ఉండుండ్రి!"

ఉన్నారు. ఇడ్లీలు అయిపోయాయి. రమ మళ్ళీ పొయ్యి మీద ఉప్మా పెట్టింది. కదలని టెంపో వెనక స్కూలు ఆటోలు హారన్లు మోగించసాగాయి. మేనమామల అక్కలు వాకిట్లో చేరి, "మా తమ్మునికి డ్యూటీ ఉన్నది, ఇడువు ముసలిదానా!" అని కేకలు పెట్టారు.

గోల విని స్రవంతి వచ్చింది. "ఈ ఊర్ల పళ్ళన్ని సక్కగున్న నోరు దొరుకుడే కష్టంగుంది. ఏదీ అమ్మమ్మా, నీ నోరు తెరువు," అని టార్చి వేసి చూసి నవ్వాపుకుంది. "ఇగో, ఇది పాలపన్ను! కింద అసలు పన్ను పుట్టనే లేదు, అందుకే ఇది ఊడలే. ఊడకపోవుడు గూడ మామూలే."

"డెబ్బై ఏండ్లాయె!" అన్నాడు భానుచందర్. "పాలపన్నునే పోనియ్యలే మా అమ్మ, నన్ను పోనిస్తదా?"

గల్లీ అంతా ఘొల్లుమంది. మేనమామలు కూడా నోట్లో ఉప్మాతోనే నవ్వారు. అంతగా నవ్వాక భయపడుతూ కూర్చోవడానికి మొహం చెల్లక లేచారు. పవన్ తాళంచెవి బయటకు తీశాడు. సమ్మమ్మ నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సామాను ఎక్కింది. భానుచందర్ గడప దగ్గర నిలబడి, "పోయొస్తనే అమ్మా," అని ఇంట్లోకి కేకేశాడు.

జవాబు టెంపోలోంచి వచ్చింది. ముందు సీట్లో సమ్మమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో నూనెగిన్నెతో.

"జల్ది రా బిడ్డా, ఎండైతాంది."

ఊడకపోవడం మామూలేనని డాక్టరమ్మే చెప్పింది కదా.